చెదల పాలు కాకుండా గ్రంథాలు కాచిన బ్రౌన్ దొర

కడప: కడప పట్టణంలోని ఎర్రముక్కపల్లెలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. బ్రౌన్ దొర పేరు చెప్పగానే తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర అని బడి పిల్లలు సైతం చెబుతారు. నిఘంటువు సంగతి అలా ఉంచితే, ఆయన చేసిన మరో పెద్ద పని పల్లెల్లో చాలామందికి తెలియదు. ఊళ్లలో చెదలు పట్టి పోతున్న తాటాకు గ్రంథాలను తెప్పించి, పండితులను పెట్టి, తన జీతం డబ్బుతో వాటిని తిరిగి రాయించారు. ఆ పనికి మన కడపలోని ఆయన బంగళాయే ముఖ్య స్థానమైంది.

కలకత్తా నుంచి కడపకు

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకులు, అనేక భాషలు ఎరిగినవారు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, కంపెనీ ఉద్యోగానికి ఎంపికై 1817లో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద అక్షరాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు.

1820లో కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకుడిగా ఉద్యోగంలో చేరారు. రైతుల మాట, కచేరీ మాట, కరణాల రాత మూడూ ఆయనకు ఇక్కడే పరిచయమయ్యాయి. తరువాత మచిలీపట్నం, రాజమండ్రిలో పనిచేసి 1826లో మళ్లీ కడపకు వచ్చారు. పెద్ద తోటతో ఉన్న ఒక బంగళా కొని అందులో పండితులను, లేఖకులను ఉంచారు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు. బ్రౌన్ వేరే ఊళ్లకు బదిలీ అయినా పని ఆగకుండా అయోధ్యాపురం కృష్ణారెడ్డి అక్కడి వ్యవహారాలు చూసుకున్నారు.

ప్రతి వెంట ప్రతి

ఆ రోజుల్లో తెలుగు పుస్తకాలు అచ్చులో బహు తక్కువ. కావ్యమైనా, వైద్యమైనా, జ్యోతిషమైనా గంటంతో తాటాకు మీద రాసుకున్నదే. ఆకు మీద గీసి మసి పూస్తే అక్షరం కనిపిస్తుంది. జాగ్రత్తగా చూసుకుంటే రెండు మూడు వందల ఏళ్లు ఉంటుంది. చూసేవారు లేకపోతే కొద్ది ఏళ్లలోనే పురుగు తొలిచేస్తుంది. పైగా ఒకరి ప్రతి చూసి మరొకరు రాసేటప్పుడు తప్పులు దొర్లేవి. అందువల్ల ఒకే పద్యం ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా ఉండేది.

బ్రౌన్ పద్ధతి ఇది. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు వేరు వేరు చోట్ల నుంచి తెప్పించేవారు. పండితులు వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలు గుర్తించి, సరియైన పాఠం నిర్ణయించేవారు. ఆ తరువాత కాగితం మీద శుద్ధ ప్రతి రాయించి, కొన్నింటికి వ్యాఖ్యానం కూడా చేయించేవారు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి వంటి పండితులు ఈ పనిలో శ్రమించారు. పేరు దొరకు వచ్చినా పాండిత్యం వీరిదేనని మరువరాదు. ఈ ఖర్చులకు జీతం చాలక దొర అప్పుల పాలయ్యారు.

వేమన దొరికిన తీరు

1824లో బ్రౌన్ దృష్టి వేమన పద్యాల మీద పడింది. ఆ పద్యాలు జనం నోట ఆడుతున్నా పండితులు వాటిని కావ్యంగా లెక్కించేవారు కారు. బ్రౌన్ మాత్రం ప్రతులు పోగు చేసి, పోల్చి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. 1839లో వెలువడిన ముద్రణలో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. అదే విధంగా జంగముల గ్రంథాలను, జానపద కథలను కూడా ఆయన విడువలేదు. హండె అనంతపురం పాలకుల చరిత్రను 1853లో, తాతాచార్యుల కథలను 1855లో ప్రకటించారు. పండితులు మెచ్చినవీ, పల్లె జనం మెచ్చినవీ రెండూ భద్రపరచదగినవేనని ఆయన భావించారు.

కరువును కరువన్నందుకు

బ్రౌన్ కంపెనీ దొర, శిస్తు వసూలు చేసే ప్రభుత్వపు ఉద్యోగి అన్న మాట దాచవలసిన పని లేదు. అయినా 1833లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే, అక్కడ అధికారిగా ఉన్న ఆయన దానిని కరువనే పైవారికి రాశారు. కొరత అని రాయక కరువని రాసినందుకు ప్రభుత్వం ఆయనను తప్పు పట్టింది. 1834లో ఉద్యోగానికి దూరమై ఇంగ్లండు వెళ్లారు.

అక్కడ కూడా ఖాళీగా కూర్చోలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా చదివే దిక్కు లేక పడి ఉండటం చూశారు. పట్టుబట్టి వాటిని మద్రాసుకు పంపించారు. ఓడలెక్కి పోయిన గ్రంథాలు తిరిగి వాటిని చదవగల జనం మధ్యకు రావడం అరుదైన విషయం.

మన ఊళ్ల కైఫీయతులు

మద్రాసుకు తిరిగి వచ్చాక చేసిన మరో పని మన జిల్లా గ్రామాలకు నేరుగా సంబంధించినది. అంతకుముందు కల్నల్ కాలిన్ మెకంజీ, ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య తదితరుల సహాయంతో ఊరూరా చరిత్రలు రాయించారు. వాటినే కైఫీయతులంటారు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉంది, ఏ పాళెగాడు ఏలాడు అన్న సంగతులు కరణాలు, పెద్దలు చెప్పగా రాసినవి. మెకంజీ 1821లో చనిపోయారు. కాలక్రమంలో ఆ కాగితాలు పాడైపోసాగాయి. బ్రౌన్ వాటిని తిరిగి ప్రతులు రాయించారు. గండికోట, సిద్ధవటం వంటి చోట్ల పాత ముచ్చట ఈనాడు చదవగలుగుతున్నామంటే ఆ రెండో రాతకు కూడా అందులో పాలు ఉంది.

ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. 1855లో శాశ్వతంగా ఇంగ్లండు వెళ్లిపోయారు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా నియమితులయ్యారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు. ఆయన పోగు చేసిన గ్రంథాలు మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

కడపలో శిథిలమైన ఆయన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల గ్రంథాలయం వెలసి 1995లో ప్రారంభమైంది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. బ్రౌన్ అచ్చు వేయించిన వేమన పేరుతో ఉన్న విద్యాసంస్థే ఇప్పుడు బ్రౌన్ పేరు నిలుపుతోంది.

అటక మీద చూడండి

ఇప్పుడు లేఖకులు అక్కరలేదు. తాటాకును యంత్రంతో ఫొటో తీసి కంప్యూటరులో దాస్తున్నారు. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2003లో రాతప్రతుల జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. అయితే కంప్యూటరు కూడా చెడిపోతుంది. ఒక్కచోటనే దాచితే తాటాకుకు పట్టిన గతే దానికీ పట్టవచ్చు. నాలుగు చోట్ల నాలుగు ప్రతులు ఉంచడం, ఎప్పటికప్పుడు కొత్త ప్రతి తీయడం నేటికీ తప్పని పనే.

మన పల్లెల్లో ఇంకా కొన్ని ఇళ్లలో తాతల నాటి తాటాకు కట్టలు, పాత లెక్కల దస్త్రాలు అటకల మీద ఉన్నాయి. చదవరానివని ఏటిలో కలిపినవారూ, పొయ్యిలో పెట్టినవారూ ఉన్నారు. అలాంటివి ఇంట్లో ఉంటే పారవేయకుండా ముందుగా కడప గ్రంథాలయంలో తెలిసినవారికి చూపించడం మంచిది. అందులో ఉన్నది మన ఊరి చెరువు సంగతే కావచ్చు.