లెక్కల్లో మూడుసార్లు తప్పిన కార్ల రూపశిల్పి - సర్ అలెక్ ఇసిగోనిస్

కార్ల బొమ్మలు గీసే చేయి ఉన్న విద్యార్థులు మన వసతి గృహాల్లో ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. అయితే లెక్కల్లో ఒకసారి తప్పగానే ఆ ఆశకు అక్కడితో నీళ్లు వదులుకునేవారే ఎక్కువ. అటువంటి మిత్రుల కోసం ఈ వార్షికోత్సవ సంచికలో ప్రపంచ ప్రసిద్ధి చెందిన మినీ కారు రూపకర్త సర్ అలెక్ ఇసిగోనిస్ జీవితాన్ని పరిచయం చేస్తున్నాము.

ఇసిగోనిస్ 1906 నవంబరు 18న స్మిర్నా అనే రేవు పట్టణంలో జన్మించారు. నేడు టర్కీలో ఇజ్మీర్ అని పిలిచే ఊరు అదే. తండ్రి గ్రీకు వంశీయుడు, బ్రిటిష్ పౌరుడు. ఓడల ఇంజన్లకు సంబంధించిన కర్మాగారం నడిపేవారు. తల్లి జర్మన్ కుటుంబానికి చెందినవారు. కలిగిన ఇల్లే. కానీ 1922లో గ్రీకు - టర్కీ యుద్ధం ఆ ఊరి మీదకు వచ్చింది. బ్రిటిష్ ఓడలో ఆ కుటుంబం మాల్టా దీవికి తరలిపోయింది. ఇల్లు, ఆస్తి అక్కడే ఉండిపోయాయి. కొద్దికాలానికే తండ్రి మరణించారు. 1923లో తల్లీ కొడుకులు లండన్ చేరుకున్నారు. అప్పటికి ఆయనకు పదహారేళ్లు.

లండన్‌లోని బాటర్‌సీ పాలిటెక్నిక్‌లో ఆయన మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. డ్రాయింగులో మంచి దిట్ట. లెక్కల్లో మాత్రం మూడుసార్లు తప్పారు. ఇంజనీరు కావాలనుకున్న యువకుడికి అది చిన్న దెబ్బ కాదు. అయినా డిప్లొమా చేత పట్టుకుని 1928లో ఒక చిన్న డిజైన్ కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. 1934లో కోవెంట్రీలోని హంబర్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ అయ్యారు. 1936లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి మారిస్ మోటార్స్‌కు వెళ్లి, గతుకుల రోడ్డు మీద కుదుపు తగలకుండా చూసే సస్పెన్షన్ విభాగంలో పని చేశారు. అదే రోజుల్లో జార్జ్ డౌసన్ అనే స్నేహితునితో కలిసి తీరిక వేళల్లో, ఎక్కువ భాగం చేతి పనితోనే, ఒక తేలికైన రేసు కారు తయారుచేశారు. కొన్నేళ్లు పట్టింది. కాలేజీలో అందని పాఠాలు ఆ కారు దగ్గర ఆయనకు అందాయని మేము భావిస్తున్నాము.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన సామాన్యుడి కోసం ఒక చిన్న కారు ఆలోచించారు. అదే మారిస్ మైనర్. నమూనా సిద్ధమయ్యాక చూస్తే ఇరుకుగా కనిపించింది. వెంటనే ఆ నమూనాను నిలువునా రెండు ముక్కలుగా కోయించి, కంటికి సరిపోయే వరకు ముక్కలను దూరం జరిపించారు. 4 అంగుళాలు పెరిగింది. 1948లో విడుదలైన ఆ కారు బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారుగా పేరు పొందింది. మన దేశంలో కూడా హిందుస్థాన్ మోటార్స్ దీనిని బేబీ హిందుస్థాన్ పేరుతో కొంతకాలం తయారుచేసింది.

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కారు కావాలని బి.ఎం.సి. కంపెనీ అధిపతి లియొనార్డ్ లార్డ్ 1957లో ఇసిగోనిస్‌కు పని అప్పగించారు. కారు పొడవు సుమారు 10 అడుగులు. అందులో నలుగురు పెద్దవాళ్లు, వారి సామాను పట్టాలి. ఇసిగోనిస్ ఇంజనును నిలువుగా కాక అడ్డంగా పెట్టారు. గేర్‌బాక్సును ఇంజను కిందనే అమర్చారు. ముందు చక్రాలే బండిని లాగేటట్లు చేశారు. చక్రాలను 10 అంగుళాలకు తగ్గించారు. అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు సస్పెన్షన్ వాడారు. ఇలా కారు నేల భాగంలో 80 శాతం మనుషులకూ సామానుకూ మిగిలింది. 1959 ఆగస్టు 26న మినీ విడుదలైంది.

ఇందులో ఒక సంగతి మనం గమనించాలి. ఇసిగోనిస్ కాగితం మీద చేత్తో బొమ్మ గీసి ఇచ్చేవారు. దానిని కొలతలతో సహా ఇంజనీరింగ్ డ్రాయింగుగా మార్చినవారిలో జాక్ డేనియల్స్ ముఖ్యులు. కారు ఒక్కరి చేతి మీదుగా రాదు. ఒకరికి ఊహ, మరొకరికి లెక్క, ఇంకొకరికి పనితనం ఉంటాయి. మినీలో లోపాలూ లేకపోలేదు. తొలి కార్లలో వాన పడితే లోపలికి నీళ్లు కారేవి, తర్వాత సరిచేశారు. తన మాటే నెగ్గాలనే పట్టుదల కూడా ఆయనకు ఎక్కువ.

ఆయన 1967లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1969లో సర్ బిరుదు పొందారు. 1971లో పదవీ విరమణ చేసి, 1988 అక్టోబరు 2న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశారు. 2000 సంవత్సరంలో తయారీ ఆగేనాటికి 53 లక్షలకు పైగా మినీలు వచ్చాయి. 1983 నుంచి మన ఊళ్లకు వచ్చిన మారుతీ 800లో కూడా ఇంజను అడ్డంగానే ఉంటుంది, ముందు చక్రాలే లాగుతాయి.

మిత్రులారా! లెక్కలు అక్కరలేదని మేము చెప్పడం లేదు. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరాలన్నా లెక్కలు కావాలి. తప్పితే మళ్లీ రాయండి. అదొక్కటే దారి కూడా కాదు. ముంబై ఐ.ఐ.టి. నిర్వహించే యూసీడ్ పరీక్షను ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. అందులోనూ, ఎన్.ఐ.డి. ప్రవేశ పరీక్షలోనూ బొమ్మ గీయడానికి మార్కులున్నాయి. మన వర్గాలకు రిజర్వేషన్ సీట్లూ ఉన్నాయి. ఈ సంగతి తెలియక దరఖాస్తు చేయనివారు మనలో ఎందరో. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు దరఖాస్తు తేదీలను నోటీసు బోర్డు మీద పెట్టిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. మార్కుల జాబితాలో ఒక్క సబ్జెక్టు పోయినంత మాత్రాన బొమ్మ గీసే చేతిని ఆపవద్దని మా మనవి.