ఊపిరి ఇబ్బందిపెట్టినా వేదిక ఎక్కిన పంతులుగారు

సభలో లేచి నాలుగు మాటలు చెప్పమంటే మనలో చాలామందికి కాళ్లు వణుకుతాయి, గొంతు తడారిపోతుంది. మంచి వక్త కావాలంటే కంచు కంఠమూ, నిండైన విగ్రహమూ, పుట్టుకతో వచ్చిన ధైర్యమూ ఉండాలని అనుకుంటాం. అవేవీ తప్పనిసరి కావని చూపే జీవితం ఒకటి మన గోదావరి ఒడ్డునే గడిచింది. ఈ వారం కందుకూరి వీరేశలింగం పంతులుగారిని పాఠకులకు గుర్తుచేయదలిచాము.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. నాలుగేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయారు. ఉబ్బసం, దగ్గు చిన్ననాటి నుంచి ఆయనను వెంటాడాయి. ఊపిరి తీసుకోవడానికే అవస్థపడే పిల్లవాడు పెద్దయ్యాక వందలమంది ఎదుట మాట్లాడతాడని ఎవరు అనుకుంటారు?

ఆయన మొదట నమ్ముకున్నది కలాన్ని. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించి లంచగొండితనాన్నీ, దురాచారాలనూ ఎండగట్టారు. అయితే పత్రిక చదువు వచ్చినవారికే అందుతుంది. సంఘం మారాలంటే మనుషుల ఎదుట నిలబడి చెప్పాలి, అదీ వారి భాషలో చెప్పాలి. తెలుగులో బహిరంగ ఉపన్యాసాలకు బాట వేసిన తొలివారిలో ఆయన ఒకరు.

1879 ఆగస్టు 3న రాజమహేంద్రవరంలో వితంతు వివాహం గురించి ఆయన ఉపన్యసించారు. ఆ మాట పైకి అంటేనే ఊరు మండిపడే కాలమది. పంతులుగారు ఎదుటివారిని దూషించి ఊరుకోలేదు. వారు ప్రమాణంగా నమ్మే ధర్మశాస్త్రాలనే తెరిచి, పరాశర స్మృతిని ఆధారం చేసుకుని వాదించారు. పండితులు ఆక్షేపిస్తే జవాబు సిద్ధం చేసుకుని మళ్లీ సభ ఎక్కారు.

చెప్పినది చేసి చూపవలసిన రోజు వచ్చింది. 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవారు, నీళ్లు మోసేవారు రావడం మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే నీళ్లు మోసి, తానే వంట చేసి ఆ పెళ్లి నిలబెట్టారు. ఆ తరువాత ఆయన మాటను తేలికగా తీసిపారేయడం ఎవరివల్లా కాలేదు. 1890లో ఊరికి ఒక టౌన్‌హాలు కట్టించి, ఇతరులు మాట్లాడేందుకూ చోటు కల్పించారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన విశ్వాస మార్గం వేరు. అయినా మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటే వెనుక బెంచీలోకి జారుకునే యువకులూ, స్త్రీల కూటంలో లేవడానికి జంకే తల్లులూ ఆయన దగ్గర నేర్చుకోవలసినది ఉంది. ఆయన భయం పోయేదాకా ఆగి మాట్లాడలేదు. చెప్పకపోతే పసి వితంతువుల బతుకు అలాగే మగ్గిపోతుందని గ్రహించారు గనుక మాట్లాడారు.

ఈసారి మీ వంతు వచ్చినప్పుడు, ఆ మాట ఎవరికి అవసరమో ముందుగా ఆలోచించండి. చెప్పదలచినది కాగితం మీద రాసుకుని, ఇంట్లోవారి ఎదుట రెండుసార్లు పైకి చదవండి. చివరి వరుసలో కూర్చున్న చదువురాని అవ్వకు అర్థమయ్యే తెలుగే వాడండి. మీరు ఇంట్లో చేయని దానిని వేదిక మీద చెప్పకండి. అప్పుడు గొంతు కాస్త వణికినా వినేవారు దానిని లెక్కచేయరు.