హ్యూముగారును పక్షిగూళ్ల పరిశోధనమును

1885వ సంవత్సరము డిసెంబరు మాసమున బొంబాయిలో తొలి కాంగ్రెసు మహాసభ కూడుటకు ముఖ్యకారకులైన ఏలన్ ఆక్టేవియన్ హ్యూముగారి పేరు మన చరిత్ర పాఠములలో నెల్లరును చదివినదే. హిందూదేశమందలి పక్షులు ఎచ్చటెచ్చట, ఏయే మాసములలో గూళ్లు కట్టుకొనునో నలుదిక్కులనుండి విచారింపించి గ్రంథస్థము చేసినవారును ఆయనయే యని యెఱిగినవారు కొలదిమంది. ఈ రెండవ కథయే యిచ్చట చెప్పదలచితిని.

హ్యూముగారు 1829వ సంవత్సరము జూను మాసమున ఇంగ్లండులో జన్మించిరి. తండ్రి జోసెఫ్ హ్యూము పార్లమెంటు సభ్యుడు. ప్రభుత్వపు ఖర్చులలో ప్రతి పద్దును తఱచి తఱచి ప్రశ్నించుటకు పేరు మోసినవాడు. లెక్కయందలి ఆ పట్టుదలయే కుమారునకు పక్షులవిషయమున సంక్రమించెనని నా యూహ. హ్యూముగారు 1849లో బంగాళా సివిలు సర్వీసున ప్రవేశించి, ఉత్తర హిందూస్థానమందలి ఇటావా జిల్లాకు వచ్చిరి. ఆయన పూనికవలన 1857 నాటికి ఆ జిల్లాలో 181 బడులు వెలసెను. వానిలో 5,186 మంది చదువుచుండిరి. వారిలో బాలికలు ఇద్దరే! తీరికవేళల ఆయన పక్షుల చర్మములు సేకరించుచుండిరి. పక్షిని కాల్చి, చర్మ మొలిచి భద్రపఱచి పరిశీలించుటయే ఆనాటి పద్ధతి. 1857 నాటి తిరుగుబాటులో ఆ తొలి సంగ్రహమంతయు నాశనమయ్యెను. ఆయన మరల మొదటినుండి ప్రారంభించిరి.

అప్పటికి మనదేశపు పక్షులనుగూర్చిన ప్రధానగ్రంథము జెర్డను వైద్యునిది. ఈయన మన నెల్లూరిలో సివిలు సర్జనుగా నుండి, అచ్చటి యానాదులవలన జంతువులనుగూర్చి ఎన్నియో సంగతులు తెలిసికొనినవాడు. 1862 మొదలు 1864 వఱకు వెలువడిన ఆయన గ్రంథమున పక్షుల రంగులు, కొలతలు బాగుగా నున్నవి. కాని యెన్నో పక్షుల గూళ్లనుగూర్చి అందు మిక్కిలి స్వల్పమే కలదు. పక్షిని ఒకచోట చూచినంతమాత్రమున అది అచ్చటి కాపురస్థు రాలని చెప్పరాదు. శీతకాలమున మన చెఱువులలో దిగు పెద్దబాతులలో తలపై నల్లని చారలు గలవి కొన్ని యుండును. అవి గ్రుడ్లు పెట్టునది ఎక్కడనో టిబెట్టు సరస్సుల యొడ్డున! గూడు కంటబడిననే గాని నిజము తేలదు.

ఇంత విశాలదేశమున ఒక్క మనుష్యుడు ఎన్ని గూళ్లు వెదకగలడు? అందుచే హ్యూముగారు పక్షులయందు ప్రీతిగల వారికెల్ల లేఖలు వ్రాయసాగిరి. యాభైమందికి మించి ఆయనకు వార్తలు పంపుచుండిరి. వారికి జీతము లేదు, నిర్బంధము లేదు. బ్రూక్సుగారు రైలుమార్గముల యింజనీరు. ఓట్సుగారు బర్మాలో మరామతు శాఖవారు. సైన్యాధికారులును పలువురుండిరి. నీలగిరులలో కోటగిరియందు కాపురమున్న మార్గరెట్ కొక్బరన్ అను నామె కూడ వారిలో నొకతె. ఆమె కాఫీతోటల వారి కుమార్తె, పక్షుల చిత్తరువులు వ్రాయుటయందు నేర్పరి.

ఏ మాసమున, ఎంత యెత్తు గల ప్రదేశమున, ఏ చెట్టుపై గూడు కనబడెను, దేనితో అల్లబడెను, గ్రుడ్లెన్ని, వాని రంగేమి, పొడవు వెడల్పు లెంత యను సంగతులే వారి వ్రాతలలోని సారము. ఒకే పక్షి కొండలపై ఒక మాసమునను, మైదానమున మఱియొక మాసమునను గూడు కట్టవచ్చును గదా! అట్టిచోట హ్యూముగారు ఎవరి మాటను వారి పేరుతోనే ప్రక్కప్రక్కన చేర్చిరి. 1872లో పక్షులకొఱకే యొక పత్రికను స్థాపించిరి. 1873 మొదలుకొని గూళ్లు గ్రుడ్లనుగూర్చిన గ్రంథమును భాగములుగా ప్రకటింపసాగిరి. దానికి ఆయన తామే చిత్తుప్రతి యని పేరు పెట్టుకొనిరి. నాకు ఆయనయందు గౌరవము హెచ్చినది ఇచ్చటనే.

పిమ్మట అనేకవత్సరములు సవరించిన ప్రతికై ఆయన సామగ్రి కూర్చుచుండిరి. సిమ్లాలోని వారి గృహమే మ్యూజియ మయ్యెను. అంతలో ఘోరమైన విపత్తు సంభవించెను. ఆయన ఊర లేని సమయమున ఒక సేవకుడు మ్యూజియమున చొరబడి, మణుగులకొలది వ్రాతప్రతులను దొంగిలించి చిత్తుకాగితములుగా అమ్మివేసెను. అందు సుమారు 700 జాతుల పక్షుల జీవితచరిత్రలు ఉండెను. నెలలు గడచినగాని దొంగతనము బయటపడలేదు; అప్పటికి తిరిగి దొరకినది అత్యల్పము. అమ్మకమునకు అనువైన పెద్దకాగితములే పోయెను. చిన్నచిన్న చీట్లపై వ్రాసికొనిన సంగతులు మాత్రము ఉన్నచోటనే మిగిలెను! ఆ సేవకుని నిందించుట సులభమే. కాని యంత శ్రమకు రెండవప్రతి లేకపోవుటయు తప్పే కదా.

ఆ దెబ్బతో ఆయన మనస్సు విరిగెను. 1885లో తమ సంగ్రహమంతయు లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు ఉచితముగా నిచ్చివేసిరి. అప్పటికే 20,000 చర్మములు పురుగులపాలై యుండెను. మిగిలిన సుమారు 82,000 వస్తువులలో గ్రుడ్లే 18,000కు పైబడి యుండెను. షార్పు అను పండితుడు లండనునుండి స్వయముగా వచ్చి సర్దించెను. దేవదారు పెట్టెలు 47. ఒక్కొక్కటి అర టన్ను బరువు. వానిని కొండ దింపి, ఎద్దుబండ్లపై కాల్కాకు చేర్చి, అచ్చటినుండి బొంబాయి రేవునకు పంపిరి. నేడు గ్రుడ్లను తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. కావున మన పాఠశాల తోటలో గూళ్లు చూచు బాలబాలికలు దూరమునుండియే చూచి వ్రాసికొనవలెను.

ఆ డిసెంబరులోనే కాంగ్రెసు పుట్టెను. తక్కిన కథ మీ రెఱిగినదే. హ్యూముగారు 1894లో ఇంగ్లండునకు మరలిపోయి, మొక్కల పరిశోధనమున మునిగి, 1912వ సంవత్సరము జూలై 31వ తేదీని దివంగతులైరి. గూళ్ల గ్రంథము మాత్రము అంతకుముందే, 1889, 1890 సంవత్సరములలో, బర్మానుండి వార్తలు పంపిన ఆ ఓట్సుగారి చేతిమీదుగా మూడు సంపుటములై వెలువడెను. పెద్దకాగితములతో పోయినది అందులో లేదు. కోటగిరి గూళ్లనుగూర్చి కొక్బరన్ వ్రాసి పంపినది మాత్రము, ఆమె పేరుతోనే, నేటికిని ఆ పుటలలో చదువవచ్చును.