ప్రయోగశీలి యల్లాప్రగడ సుబ్బారావు

పాఠ్యభాగ ఉద్దేశం

జీవశాస్త్ర పరీక్షలో ఒక ప్రయోగాన్ని రూపొందించి వివరించమని అడిగినప్పుడు పాఠమంతా కంఠస్థం చేసిన విద్యార్థి సైతం తడబడటం కద్దు. అటువంటి ప్రశ్నకు జ్ఞాపకశక్తి కన్నా ఆలోచనా క్రమమే ఆధారమని ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం, కుటుంబంలో అనారోగ్యం ఆయన బాల్యాన్ని చుట్టుముట్టాయి. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి స్థాయి పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి యోగ్యతాపత్రంతో వెలుపలికి వచ్చారు. పరీక్షల్లో వెనుకబడిన ఈ యువకుడే తరువాతి కాలంలో ప్రయోగరచనలో ఆరితేరడం గమనార్హం.

ఆయనను పరిశోధన వైపు నడిపించినది కుటుంబంలో కలిగిన శోకం. పోషకాలను శరీరానికి ఒంటబట్టనీయక మనిషిని క్షీణింపజేసే స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులనిద్దరిని బలిగొన్నది. అదే వ్యాధి ఆయననూ పీడించింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఔషధం పనిచేసిందని సంతోషించి ఊరుకోక, ఏ పదార్థం, ఏ విధంగా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న తపన ఆయనలో బలపడింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించిన పిమ్మట, మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోను 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి వెళ్ళిన ఆయన మరల తిరిగి రాలేదు. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ, పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించారు.

హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలసి, రక్తంలోను, మూత్రంలోను ఉండే ఫాస్ఫేటును కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిలో పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్ల మాధ్యమంలో అమ్మోనియం మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణ కారకాన్ని కలుపుతారు. అప్పుడు నీలివర్ణం ఏర్పడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే రంగు అంత గాఢమవుతుంది. అయితే గాఢత ఎంతో కంటితో చూసి చెప్పడం చాలదు. కనుక ఫాస్ఫేటు పరిమాణం ముందే తెలిసిన మరొక ద్రావణాన్ని పక్కన ఉంచి, మొదటి దానికి ఏ పదార్థాలు, ఎంత, ఎప్పుడు కలిపారో దీనికీ వాటినే, అంతే, అప్పుడే కలిపి రెండు రంగులనూ పోల్చాలి. తెలియని దానిని తెలిసిన దానితో పోల్చడం, తక్కిన పరిస్థితులన్నిటినీ సమానంగా ఉంచడం అన్న రెండు సూత్రాలు ఈ చిన్న పద్ధతిలోనే ఇమిడి ఉన్నాయి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఇది ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షించగా ఒక విచిత్రం కనిపించింది. పోలికకు ఉంచిన ద్రావణంలో వచ్చినట్లు రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా గాఢమయింది. తొందరపడేవారు పరికరాన్నో, పనివానినో నిందించి ఆ ఫలితాన్ని పారవేసేవారు. వారు ఆ ఆలస్యంలోనే ప్రశ్నను చూశారు. రంగు రావడాన్ని కండరసారంలోని ఏదో పదార్థం అడ్డుతున్నదా? లేక ఫాస్ఫేటు మరొక పదార్థంతో బంధితమై ఉండి, ఆమ్లంలో క్రమంగా విడివడుతున్నదా? ఇక్కడ విద్యార్థి ఒక నిమిషం ఆగి యోచించాలి. కండరసారానికి కొలిచిన స్వేచ్ఛా ఫాస్ఫేటును కలిపి చూస్తే దాని వలన రావలసిన రంగు కూడా ఆలస్యమవుతుందా, కాదా అన్నది ఈ రెండు ఊహలనూ వేరుచేయగల పరీక్ష. పరీక్షాపత్రం కోరేది ఇటువంటి ఆలోచననే.

ఫాస్ఫేటు క్రియాటిన్ అనే పదార్థంతో సమాన నిష్పత్తిలో కలసి ఉన్నదని ఫిస్కే, సుబ్బారావులు 1927లో నిరూపించారు. కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి అలసింపజేస్తే ఆ సమ్మేళనం తరుగుతుందనీ, విశ్రాంతి లభిస్తే మరల ఏర్పడుతుందనీ తెలిసింది. అదే కాలంలో ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని స్వతంత్రంగా గుర్తించారు. 1929లో కండరంలో ఏ.టి.పి. ఉనికిని కూడా ఫిస్కే, సుబ్బారావులు వెల్లడించారు. జర్మనీలో లోమన్ ఆ ఏడాదే దానిని వేరుగా కనుగొన్నారు. నేడు జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలో కణానికి శక్తి నాణెంగా వర్ణించే పదార్థమిదే.

హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించక 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అక్కడ పరిశోధనకు సారథ్యం వహించారు. అంతకుముందే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని నయం చేసే అజ్ఞాత పదార్థమున్నదని గ్రహించారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని వేరుచేయడంలో లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా కొలబద్దగా ఉపకరించింది. ఫోలిక్ ఆమ్లం తప్ప తక్కిన పోషకాలన్నీ ఉన్న మాధ్యమంలో ఆ బాక్టీరియా వృద్ధి చెందదు. కాలేయసారపు భాగాలను విడివిడిగా చేర్చి ఏ నాళికలో పెరుగుదల కనిపిస్తే, ఆ భాగంలో కోరిన పదార్థమున్నట్లు. ఏమీ చేర్చని నాళిక పోలికకు ఉండనే ఉన్నది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి సైతం అది చికిత్సలో ఉపకరించడం ఆయన జీవితంలోని గొప్ప సార్థక్యం.

కణవృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానిని అడ్డగించే పదార్థం క్యాన్సరు కణాల వృద్ధిని నిరోధించవలెను కదా! బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు సుబ్బారావు బృందం అమినాప్టెరిన్ వంటి నిరోధకాలను అందించింది. తీవ్ర రక్త క్యాన్సరుతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు దానిని ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించినట్లు 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, అది క్యాన్సరు ఔషధ చికిత్సకు దారి చూపింది. ఆ వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు సారథ్యంలోనే వెలుగు చూశాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ ప్రాయంలో, ఆయన అమెరికాలో కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

ఈ జీవితం నుండి విద్యార్థి నేర్వదగినదేమి? గాండ్లపెంట, కదిరి ప్రాంతాలవారికి వేరుశనగ చిరపరిచితం. విత్తనానికి రైజోబియం పట్టిస్తే వేర్లపై బుడిపెలు పెరుగుతాయా అన్నది ప్రశ్న అనుకుందాం. చేని మట్టిలో ఆ బాక్టీరియా ముందే ఉండవచ్చు కనుక మట్టిని వేడిచేసి శుద్ధి చేయాలి. ఒకే పరిమాణం గల పది కుండీలలో ఆ మట్టి నింపి, ఐదింటిలో రైజోబియం పట్టించిన విత్తనాలు, ఐదింటిలో పట్టించనివి నాటాలి. రైజోబియాన్ని అంటించడానికి బెల్లం నీరు వాడితే, రెండవ గుంపు విత్తనాలకూ బెల్లం నీరు మాత్రం పట్టించాలి. లేకుంటే ఫలితం బాక్టీరియా వలనా, బెల్లం వలనా అని తేలదు. రకం, నీరు, వెలుతురు రెండింటికీ ఒక్కటే కావాలి. నిర్ణీత దినాన మొక్కలను పెరికి బుడిపెలు లెక్కించి, సగటులను పోల్చాలి. భేదం లేకపోతే లేదనే వ్రాయాలి.

అడిగిన ప్రశ్నను పరీక్షింపదగిన ఊహగా మార్చడం, ఒక్క అంశాన్నే మార్చడం, పోలికను నిలపడం, కొలత చెప్పడం, మరల మరల చేసి చూడడం, ఊహించని ఫలితాన్ని గౌరవించడం సమాధానానికి ప్రాణం. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన సుబ్బారావు కండరసారంలోని నీలివర్ణం ఎందుకు ఆలస్యమయిందో తెలుసుకొనే వరకు విడిచిపెట్టలేదు. మార్కులు తగ్గిన విద్యార్థికి ఇంతకు మించిన ధైర్యవచనం వేరొకటి అక్కరలేదు.

అభ్యాసం

1. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో పరిమాణం తెలిసిన ద్రావణం అవసరమేమిటో వివరించండి.

2. కండరసారంలో రంగు ఆలస్యంగా రావడం ఏ ఆవిష్కరణకు దారితీసింది?

3. మీ ప్రాంతంలో పండే ఒక పంటను తీసుకొని, ఎరువు ప్రభావాన్ని తెలిపే ప్రయోగాన్ని రూపొందించి వ్రాయండి.