ఆటకు ప్రతిఫలం కోరిన సుజాన్ లెంగ్లెన్

మేము నెల జీతానికి పనిచేసేవారము. చేసిన పనికి జీతం పుచ్చుకోవడం తప్పని మమ్మల్నెవరూ అనరు. ఆ నింద మోసిన ఒక టెన్నిసు వీరవనిత కథను ఈ ఉగాదినాడు సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము.

సుజాన్ లెంగ్లెన్ 1899 మే 24న పారిస్‌లో జన్మించింది. చిన్ననాటినుంచీ ఆరోగ్యం అంతంతమాత్రమే. తండ్రి ఛార్లెస్సే ఆమెకు గురువు. 1919లో, అంతకుముందు ఏడుసార్లు వింబుల్డన్ గెలిచిన లాంబర్ట్ ఛేంబర్స్‌ను 10-8, 4-6, 9-7తో ఓడించింది. 1925 లోపల ఆరుసార్లు అక్కడ విజేత అయింది.

కీర్తి వెంట నిందలూ వచ్చాయి. 1921లో అమెరికాలో అస్వస్థతతో ఆట మధ్యలో విరమిస్తే ప్రేక్షకులు గేలిచేశారు. 1926లో వింబుల్డన్‌లో ఆటవేళ విషయమై పొరపాటు జరిగి మేరీ రాణి వేచి ఉండవలసి వచ్చింది. నిందలు భరించలేక సుజాన్ పోటీనుంచే తప్పుకుంది.

టిక్కెట్ల సొమ్ము నిర్వాహకులది, ఆడేవారికి పైసా లేదు; అట్లయితే కలవారు తప్ప ఎవరు ఆడగలరని ఆమె వాదం. ఆ ఏడే 50,000 డాలర్లకు అమెరికా పర్యటన ఒప్పుకుని, మేరీ బ్రౌన్‌తో ఆడిన 38 పోటీలూ గెలిచింది. కాని డబ్బు పుచ్చుకున్నవారికి ఆనాడు పెద్ద పోటీలలో ప్రవేశం లేదు. వింబుల్డన్ క్లబ్బు ఆమె గౌరవ సభ్యత్వాన్నీ రద్దుచేసింది.

1938 జూలై 4న, 39వ ఏట ఆమె కన్నుమూసింది. 1968లో వింబుల్డన్ తలుపులు వృత్తి ఆటగాళ్లకు తెరుచుకున్నాయి. నేడు ఫ్రాన్సు మహిళా విజేత అందుకునే కప్పుకు సుజాన్ పేరే. న్యాయమైన మాట ఆలస్యంగానైనా నిలుస్తుందని మా నమ్మకం.