డాక్టర్ ఆండ్రూ టేలర్ స్టిల్

మాదన్నపేట మండిలో బస్తాలు మోసే హమాలీకి నడుము పట్టేస్తే అతడు తరచు మందుల దుకాణానికి పోడు. నూనె రాసి, కీళ్లు సర్ది పంపే పహిల్వాన్‌ను వెదుక్కుంటూ పోతాడు. యునానీ హకీం నాడి పట్టి, రోగం కంటె ముందు రోగి మిజాజ్‌ను విచారిస్తాడు. చేతి చికిత్సను, దేహమంతటినీ ఒకటిగా చూసే ఇటువంటి దృష్టిని జోడించి, అమెరికాలో ఆస్టియోపతి అనే వైద్య విధానాన్ని నెలకొల్పినవాడు డాక్టర్ స్టిల్.

ఆయన 1828 ఆగస్టు 6న వర్జీనియాలో జన్మించాడు. తండ్రి మెథడిస్టు మత ప్రబోధకుడు, వైద్యుడు కూడ. వైద్యవిద్య తండ్రి వద్దనే అబ్బింది. పదేళ్ల ప్రాయంలో ఒకనాడు తలనొప్పికి తాళలేక, రెండు చెట్ల నడుమ నేలకు జానెడెత్తున తాడు కట్టి, దానిపై దుప్పటి వేసి, మెడ ఆనించి పడుకున్నాడట. లేచేసరికి నొప్పి లేదు. వృద్ధాప్యంలో రాసుకున్న ఆత్మకథలో సైతం ఆయన ఈ సంగతి మరువలేదు.

అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1864లో, మెదడు పొరల వాపు వ్యాధి కాన్సాస్‌లోని ఆయన ఇంట ప్రవేశించి ముగ్గురు పిల్లలను బలిగొన్నది. కొద్దికాలానికే న్యుమోనియాతో మరొక బిడ్డ పోయింది. వైద్యులు వచ్చారు, మందులిచ్చారు, ప్రార్థనలు జరిగాయి. తాను వైద్యుడై ఉండి కన్నబిడ్డలను దక్కించుకోలేని ఆ తండ్రికి మందులపైనే విశ్వాసం సడలింది. ఆనాటి మందులూ అటువంటివే: పాదరసంతో చేసిన కేలొమెల్, నల్లమందు, సారాయి; పైగా నరం కోసి రక్తం తీయడం.

ఎముకల నిర్మాణాన్ని ఆయన ఏళ్ల తరబడి శోధించాడు. అందుకై అమెరికా ఆదివాసుల సమాధులను తవ్వాడు. ఈ పనిని జ్ఞానతృష్ణ పేరిట క్షమించడం నాకు చేతకాదు.

1874 జూన్ 22ను ఆయన తన సిద్ధాంతానికి జన్మదినంగా చెప్పుకున్నాడు. దేహానికి తనను తాను బాగుచేసుకొనే శక్తి ఉన్నది; ఎముకలు, కండరాలు స్థానం తప్పితే రక్తప్రసారానికి, నరాలకు అవరోధం కలుగుతుంది; దానిని చేతితో తొలగించవలె. ఇదీ సారాంశం. ఈ మాట చెప్పుకుందామంటే, తన కుటుంబం స్థలమిచ్చిన బేకర్ విశ్వవిద్యాలయమే ఆయనకు తలుపు మూసింది. 1875లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్ చేరి, ఊరూరా తిరిగి చికిత్స చేశాడు. 1892లో అక్కడ కళాశాల స్థాపించాడు. తొలి తరగతిలోనే స్త్రీలకు ప్రవేశమిచ్చాడు. పోను పోను రోగులు రైళ్లలో తరలివచ్చారు.

నడుమునొప్పి వంటి బాధలకు ఈ చికిత్స కొంత మేలు చేస్తుందని నేటి పరిశోధనలు కొన్ని చెబుతున్నాయి. అయితే వెన్నెముకను సరిచేస్తే సకల రోగాలూ నయమౌతాయన్న ఆయన ధీమాకు ఆధారం దొరకలేదు. ఆయన బిడ్డలను తీసుకుపోయిన వ్యాధికి 1930వ దశకంలో సల్ఫా మందులు, ఆ తరువాత పెనిసిలిన్ పనిచేశాయి.

స్టిల్ 1917 డిసెంబరు 12న కిర్క్స్‌విల్‌లోనే కన్నుమూశాడు. ఆయన కళాశాల నేటికీ నడుస్తున్నది. అక్కడి పట్టభద్రులు తక్కిన వైద్యుల వలెనే మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. రోగి వెన్నుపై చేయి వేసి పరీక్షించడమూ నేర్చుకుంటారు.