ఇస్కందర్ మీర్జా: సొంత దేశంలో ఆరడుగుల నేల దక్కని అధ్యక్షుడు

పాకిస్తాన్ తొలి అధ్యక్షుడు మేజర్ జనరల్ ఇస్కందర్ మీర్జా 1969 నవంబరు 13న లండన్‌లో కన్నుమూశారు. ఆనాటికి ఆయనకు సరిగ్గా 70 ఏళ్లు నిండాయి. ప్రవాసంలో పదకొండేళ్లు గడిపిన ఆయన భౌతికకాయాన్ని స్వదేశంలో ఖననం చేయడానికి నాటి పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అనుమతించలేదు. చివరకు ఇరాన్ చక్రవర్తి మొహమ్మద్ రెజా షా పహ్లవీ ముందుకు వచ్చారు. పార్థివదేహాన్ని విమానంలో టెహ్రాన్‌కు తరలించి, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించారు.

ఒక దేశానికి మొట్టమొదటి అధ్యక్షుడైన వ్యక్తి మరో దేశపు మట్టిలో కలిసిపోవడం అరుదైన సంఘటన. దానికి దారితీసిన పరిస్థితులను కల్పించినవారిలో ఆయన స్వయంగా ఉండటం ఈ జీవితంలోని విషాదం.

ముర్షీదాబాద్ నవాబుల వంశం

ఇస్కందర్ మీర్జా 1899 నవంబరు 13న బెంగాల్‌లోని ముర్షీదాబాద్‌లో జన్మించారు. ఆయనది మీర్ జాఫర్ వంశం. 1757లో ప్లాసీ యుద్ధంలో నవాబు సిరాజుద్దౌలాకు సేనానిగా ఉంటూనే ఈస్టిండియా కంపెనీతో చేతులు కలిపిన మీర్ జాఫర్ పేరు, నేటికీ బెంగాలీ, ఉర్దూ భాషల్లో ద్రోహానికి పర్యాయపదం. ఆ నింద తరతరాలుగా వంశాన్ని వెంటాడుతూనే వచ్చింది. రాజకీయ ప్రత్యర్థులు ఇస్కందర్ మీర్జాకు ఆ పూర్వీకుణ్ని గుర్తుచేసే అవకాశాన్ని వదులుకోలేదు.

ఆయన బాల్యం, విద్యాభ్యాసం బొంబాయిలో సాగాయి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో కొంతకాలం చదివి, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ రాయల్ మిలిటరీ కళాశాలలో చేరారు. అక్కడ శిక్షణ పూర్తిచేసుకుని 1920లో సైనికాధికారి హోదా పొందిన తొలితరం భారతీయులలో ఆయన ఒకరు.

అయితే సైన్యంలో ఆయన ఎక్కువ కాలం లేరు. 1926లో ఇండియన్ పొలిటికల్ సర్వీసుకు మారారు. అప్పటి నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు వాయవ్య సరిహద్దు రాష్ట్రమే ఆయన కార్యక్షేత్రమైంది. ఖైబర్‌లో పొలిటికల్ ఏజెంటుగా, పెషావర్‌లో డిప్యూటీ కమిషనర్‌గా పనిచేశారు. తెగల పెద్దలను బుజ్జగించడం, ఒకరిపై మరొకరిని ప్రయోగించడం, అవసరమైతే బలం చూపడం అక్కడి పాలనలో నిత్యకృత్యాలు. ఆ పద్ధతులను ఆయన తర్వాతి కాలంలో రాజకీయ నాయకుల విషయంలోనూ విడిచిపెట్టలేదు.

విభజన నాటికి ఢిల్లీలో రక్షణశాఖ సంయుక్త కార్యదర్శిగా ఉన్న మీర్జా పాకిస్తాన్‌ను ఎంచుకుని, ఆ దేశపు తొలి రక్షణశాఖ కార్యదర్శి అయ్యారు. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న ముర్షీదాబాద్ మాత్రం, 1947 ఆగస్టు 17న వెల్లడైన రాడ్‌క్లిఫ్ సరిహద్దు నిర్ణయం మేరకు భారతదేశంలో చేరింది. అలా పుట్టిన ఊరు ఒక దేశంలో, కొలువు మరొక దేశంలో మిగిలాయి.

అధికారి నుంచి అధినేత

1954లో తూర్పు బెంగాల్ ఎన్నికల్లో ముస్లిం లీగ్ చిత్తుగా ఓడిపోయింది. ఫజ్లుల్ హక్ నేతృత్వంలో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పడింది. రెండు నెలలు తిరగకుండానే కేంద్రం ఆ మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి, ఇస్కందర్ మీర్జాను గవర్నర్‌గా ఢాకాకు పంపింది. ఆయన పాలనలో ముమ్మరంగా అరెస్టులు జరిగాయి. అరెస్టయినవారిలో యువనేత షేక్ ముజిబుర్ రహమాన్ కూడా ఉన్నారు. తూర్పు ప్రాంత ప్రజల మనసులో ఇస్లామాబాద్ రాజధాని కాకముందే, కరాచీ కాలంలోనే నాటుకున్న అపనమ్మకానికి ఈ చర్యలు కూడా ఒక కారణం.

అదే ఏడాది ఆయన కేంద్రంలో హోంమంత్రి అయ్యారు. 1955లో అనారోగ్యం పాలైన గులాం మొహమ్మద్ స్థానంలో గవర్నర్ జనరల్ పదవి చేపట్టారు. 1956 మార్చి 23న పాకిస్తాన్ తొలి రాజ్యాంగం అమల్లోకి వచ్చి దేశం గణతంత్రంగా మారడంతో ఆయనే తొలి అధ్యక్షుడయ్యారు.

ప్రజలెన్నుకున్న ప్రభుత్వాలపై మీర్జాకు పెద్దగా విశ్వాసం లేదు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశానికి నియంత్రిత ప్రజాస్వామ్యమే తగినదని ఆయన బహిరంగంగానే వాదించేవారు. సరిహద్దు గాంధీ సోదరుడు డాక్టర్ ఖాన్ సాహెబ్ నాయకత్వాన ఏర్పడిన రిపబ్లికన్ పార్టీకి ఆయన అండ ఉండేది. అధ్యక్షుడిగా ఉన్న రెండున్నరేళ్లలో చౌధురీ మొహమ్మద్ అలీ, సుహ్రవర్దీ, చుంద్రీగర్, ఫిరోజ్ ఖాన్ నూన్ వరుసగా ప్రధానులయ్యారు. వీరిలో చుంద్రీగర్ పదవీకాలం రెండు నెలలే. మంత్రివర్గాల పతనానికి పార్టీల కుమ్ములాటలు ఎంత కారణమో, అధ్యక్ష భవనంలో సాగిన ఎత్తుగడలూ అంతే కారణం.

ఇరవై రోజులు

కొత్త రాజ్యాంగం ప్రకారం 1959 ఆరంభంలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరగవలసి ఉంది. కొత్త సభ వస్తే ఆయన మళ్లీ అధ్యక్షుడయ్యే ఆశలు సన్నగిల్లాయి. 1958 అక్టోబరు 7 రాత్రి మీర్జా రాజ్యాంగాన్ని రద్దుచేశారు. చట్టసభలను, మంత్రివర్గాలను రద్దుచేసి, పార్టీలను నిషేధించారు. దేశమంతటా సైనిక శాసనం విధించి, దాని ప్రధాన నిర్వాహకుడిగా సర్వసైన్యాధిపతి అయూబ్ ఖాన్‌ను నియమించారు.

ఇక్కడే ఆయన లెక్క తప్పింది. అధ్యక్ష పదవిని సృష్టించినదే ఆ రాజ్యాంగం. అది రద్దయిన క్షణం నుంచి ఆయన అధికారానికి చట్టపరమైన ఆధారం లేకుండా పోయింది. మిగిలినది సైన్యబలం ఒక్కటే. అది అయూబ్ చేతిలో ఉంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

అక్టోబరు 27న పాకిస్తాన్ సుప్రీంకోర్టు దోసో కేసులో తీర్పు చెప్పింది. విజయవంతమైన అధికార మార్పిడి తనకు తానే చట్టబద్ధతను సంపాదించుకుంటుందన్నది దాని సారాంశం. ఆ తీర్పు మీర్జా చర్యను సమర్థించింది. కానీ అదే సూత్రం ఆయన్ను తొలగించబోయేవారికీ వర్తిస్తుంది. ఆ రాత్రే అయూబ్ పంపిన ముగ్గురు జనరళ్లు అధ్యక్ష భవనానికి వెళ్లి రాజీనామా పత్రంపై సంతకం చేయించుకున్నారు. సైనిక శాసనం విధించి అప్పటికి ఇరవై రోజులే. మీర్జాను, ఆయన భార్య నాహీద్‌ను మొదట క్వెట్టాకు, నవంబరు ఆరంభంలో లండన్‌కు పంపించివేశారు.

లండన్ నుంచి టెహ్రాన్‌కు

లండన్‌లో ఆయన పరిమితమైన పింఛనుపై నిరాడంబరంగా జీవించారు. ఆర్థిక ఇబ్బందులు తప్పలేదు. ఎన్నో నిందలు మోసిన మీర్జా, అధికారాన్ని అడ్డం పెట్టుకుని ఆస్తులు కూడబెట్టుకోలేదనడానికి ఆ జీవితమే సాక్ష్యం. స్వదేశానికి తిరిగి వెళ్లే అవకాశం ఆయనకు చివరివరకూ రాలేదు.

ఆయన మరణించిన 1969లోనే అయూబ్ ఖాన్ కూడా పతనమయ్యారు. ప్రజా ఉద్యమం ధాటికి మార్చి 25న గద్దె దిగిన అయూబ్, తాను తెచ్చిన 1962 రాజ్యాంగం ప్రకారం జాతీయ అసెంబ్లీ స్పీకర్‌కు బాధ్యతలు అప్పగించాలి. అలా చేయకుండా సైన్యాధిపతి యాహ్యా ఖాన్‌కు అధికారం కట్టబెట్టారు. మీర్జా అంతిమయాత్రకు తలుపులు మూసినది ఆ యాహ్యా ప్రభుత్వమే.

రెండో భార్య నాహీద్ పుట్టిల్లు ఇరాన్. పదవిలో ఉన్నప్పుడు మీర్జాకు షాతో సత్సంబంధాలు ఉండేవి. ఆ బంధమే చివరకు అక్కరకు వచ్చింది. సొంత ప్రభుత్వం నిరాకరించిన గౌరవం పరాయి రాజు చేతుల మీదుగా దక్కింది.

అయూబ్ ఖాన్ 1974లో మరణించగా హరీపూర్ సమీపంలోని స్వగ్రామం రెహానాలో ఖననం చేశారు. యాహ్యా ఖాన్‌కు 1980లో సైనిక లాంఛనాలతో పెషావర్‌లో అంత్యక్రియలు జరిగాయి. రాజ్యాంగాలను పక్కనపెట్టిన ముగ్గురిలో స్వదేశపు మట్టికి నోచుకోనిది మీర్జా ఒక్కరే. మిగిలిన ఇద్దరి వెనుక సైన్యం ఉంది. ఆయన వెనుక ఎవరూ లేరు.

1973 నాటి పాకిస్తాన్ రాజ్యాంగంలోని ఆరవ అధికరణం రాజ్యాంగాన్ని బలప్రయోగంతో కూలదోయడాన్ని రాజద్రోహంగా ప్రకటించింది. అయినా 1977లో జియావుల్ హక్, 1999లో పర్వేజ్ ముషారఫ్ అదే బాటలో నడిచారు. ఆ బాటలో తొలి అడుగు వేసింది, సైనికులకు తలుపు తెరిచింది ఇస్కందర్ మీర్జానే.

ముర్షీదాబాద్‌లోని జాఫర్‌గంజ్ శ్మశానవాటికలో మీర్ జాఫర్ సమాధి ఉంది. చుట్టూ ఆయన వంశీకుల సమాధులు వరుసలు తీరి కనిపిస్తాయి. చరిత్ర ద్రోహిగా ముద్రవేసిన నవాబుకు సొంత ఊరిలో చోటు దొరికింది. ఆయన వంశంలో పుట్టి దేశాధ్యక్షుడైన మీర్జా మాత్రం పుట్టిన దేశానికి, పాలించిన దేశానికి దూరంగా, టెహ్రాన్‌లో శాశ్వత నిద్రలో ఉన్నారు.